బెంగళూరు 2012, ముంబై 2025: ఏది అసలు గన్స్ ఎన్ రోజెస్?

పోయిన సంచికల ఒకాయన "పాత రాక్ బ్యాండ్లల్ల అసలు మనుషులు సగం మంది లేకున్నా పేరు మాత్రం అదేనా" అని అడిగితే నాలుగు లైన్లు జవాబు రాసిన. దాని మీద ఉత్తరాలు ఇంకా వస్తనే ఉన్నయి, అందుకే ఈసారి సినిమా ప్రశ్నలు, వంటింటి ప్రశ్నలు పక్కకు పెట్టి పేజీ మొత్తం దీనికే ఇస్తున్న. మన వరంగల్ దిక్కు రాక్ వినేటోళ్లు ఎప్పటినుంచో ఉన్నరు. తొంభైలల్ల హన్మకొండ చౌరస్తల క్యాసెట్ షాపుకు ఖాళీ టీడీకే క్యాసెట్ తీస్కపోయి ఇస్తే, ఆర్ఈసీ (ఇప్పటి ఎన్ఐటీ) హాస్టల్ పిలగాళ్ల దగ్గర దొరికిన ఆల్బమ్ దాంట్ల ఎక్కించి ఇచ్చేటోళ్లు. నా దగ్గర ఇప్పటికీ ఒకటుంది, మీద నీలం ఇంకుతోని తెలుగుల "గన్సు రోజా" అని రాసుంటది. కాబట్టి మొదటి ఉత్తరం దాని గురించే.

ప్రశ్న: అన్నా, నాకూ మా బావకూ నెలల సంది ఒడవని లొల్లి. ఆయన 2012 డిసెంబర్ల బెంగళూరు పోయి గన్స్ ఎన్ రోజెస్ చూసొచ్చిండు. నేను 2025 మే 17న ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సుల చూసిన. గిటార్ వాయించే స్లాష్ లేకుండ చూసింది ఏం బ్యాండ్ బావా, అది సింగర్ ఆక్సల్ రోజ్ ఆర్కెస్ట్రా అని నేనంట. ఆక్సల్ గొంతు ఉన్నప్పుడు నేను చూసిన, నువ్వు చూసింది ముసలోళ్ల రీయూనియన్ అని ఆయనంటడు. దసరా నాడు జమ్మి చేతుల పెట్టి అలయ్ బలయ్ తీసుకునే కాడ గూడ ఇదే లొల్లి, మా అక్క తిట్టింది. మీరే చెప్పాలె.
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్మీ, ముందుగాల తలలు లెక్కపెడదాం, ఎందుకంటే మీ ఇద్దరు మొదలుపెట్టిందే ఆడికెల్లి. 1985ల లాస్ ఏంజిలస్‌ల కూడిన బ్యాండుల పేరు తెచ్చుకున్న ఐదుగురు ఎవరంటే సింగర్ ఆక్సల్, గిటార్ స్లాష్, రెండో గిటార్ ఇజ్జీ స్ట్రాడ్లిన్, బాస్ గిటార్ డఫ్ మెకాగన్, డ్రమ్స్ స్టీవెన్ ఆడ్లర్. 2012ల మీ బావ చూసిన స్టేజీ మీద వీళ్లల్ల ఒక్క ఆక్సలే ఉన్నడు. నువ్వు చూసినప్పుడు ఆక్సల్, స్లాష్, డఫ్ ముగ్గురున్నరు. ఒకటికి మూడు, లెక్కల నువ్వు గెలిచినవ్.

కని లెక్క ఆడనే ఆపితే తప్పయితది. మీ బావ చూసిన డ్రమ్మర్ ఫ్రాంక్ ఫెరర్, 2006 నుంచి అదే సీట్ల కూసున్నడు, ఆ బ్యాండ్ల ఎక్కువ ఏండ్లు వాయించిన డ్రమ్మర్ ఆయనే. 2025 మార్చిల ఆయన బయటికి పోయిండు, ఐజాక్ కార్పెంటర్ వచ్చిండు. ఆ టూర్ మే 1న దక్షిణ కొరియాల మొదలైంది, అంటే నువ్వు ముంబైల చూసిన నాటికి కొత్త డ్రమ్మర్ ఆ బ్యాండుతోని స్టేజీ ఎక్కి మూడు వారాలు గూడ కాలే. ఆయన కొత్త మనిషేం కాదు, ఇంతకుముందు డఫ్ సొంత బ్యాండ్ల వాయించినోడే, అయినా ఆ సీటు వరకు చూస్తే పాత కాపు మీ బావ చూసిన రాత్రే ఉన్నడు.

ఇంకో సంగతి, ఇది మీ ఇద్దరు గమనించినట్టు లేరు. మీరిద్దరు చూసిన మనుషులు ముగ్గురున్నరు. ఆక్సల్ ఒకరు, 1990 నుంచి కీబోర్డు మీదున్న డిజ్జీ రీడ్ ఒకరు, గిటార్ రిచర్డ్ ఫోర్టస్ ఒకరు. ఫోర్టస్ 2002ల చేరిండు. స్లాష్ మొదటిసారి ఆ బ్యాండ్ల ఉన్నది 1985 నుంచి 1996 దాక, పదకొండేండ్లు. ఫోర్టస్ దానికి డబుల్ ఏండ్లు ఉన్నడు, ఇంకా ఉన్నడు, అయినా నీ ఉత్తరంల ఆయన పేరు ఒక్కసారి లేదు. నాకు ఈ ముచ్చటల బాధ అనిపించేది ఇదే, ఇరవై ఏండ్లకు పైన రాత్రి రాత్రి నిలబడి వాయించిన మనిషిని మనం ఇంకా "ఆ పక్కకున్నోడు" అంటున్నం.

ఆయన ఏం చేస్తడో తెలవాలంటే ఒక పని చెయ్. 1987ల వచ్చిన ఆ మొదటి ఆల్బమ్ పెట్టు, రెండు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకపారి విను, తర్వాత ఒకటి తీసి విను, మళ్ల ఇది పెట్టి అది తీసి విను. ఒక చెవిల స్లాష్ వినిపిస్తడు, ఇంకో చెవిల ఇజ్జీ వినిపిస్తడు. స్లాష్ శబ్దం లావుగ, తేనె లెక్క సాగుతది. ఇజ్జీది సన్నగ, పొడిగ ఉంటది, తీగలు విడివిడిగ పలుకుతయి, స్లాష్ వాయించిందే వాయించడు, పక్కకెల్లి ఇంకోటి వాయిస్తడు, ఒక్కోసారి ఉత్తగ ఊరుకుంటడు, ఆ ఊరుకున్న జాగల స్లాష్ వచ్చి కూసుంటడు. ఇజ్జీ 1991ల బ్యాండ్ వదిలి పోయిండు. ఆ సన్నటి చెవి పని ఇప్పుడు ఫోర్టస్‌ది. నువ్వు ముంబైల స్లాష్ దిక్కే చూసి ఉంటవ్, అందరు అట్లనే చూస్తరు, కని స్లాష్ అంత బాగ వినిపించడానికి ఇంకో పక్క ఒకడు కొలత పెట్టి తక్కువ వాయిస్తున్నడు.

ఇగ మీ బావ దిక్కు మాట్లాడత. 2012ల ముగ్గురు గిటార్లు ఉండె, ఫోర్టస్, డీజే ఆష్బా, బంబుల్‌ఫుట్. బాస్ టామీ స్టిన్సన్. ఆ ముగ్గురు కలిసి గూడ స్లాష్ కాలేరు, అది ఒప్పుకోవాలె, నోట్లు అన్ని సరిగ్గనే పడ్తయి కని సోలోల ఆ ఆగుడు, ఆ లాగుడు రాదు. కని 2008ల వచ్చిన ఆల్బమ్ ఉంది చూడు, పదేండ్లకు పైన చేసిన ఆల్బమ్, దాంట్ల స్లాష్ లేడు, డఫ్ లేడు. దాంట్ల వాయించిన ఫోర్టస్, బంబుల్‌ఫుట్, స్టిన్సన్, ఫెరర్ అందరు మీ బావ ముందు నిలబడ్డరు. ఆ పాటలు ఆ రాత్రి వాటి సొంత చేతులల్ల ఉన్నయి. ఇప్పుడు అవే పాటలు స్లాష్ వాయిస్తుంటే ఆ పాటల కాడ స్లాషే బదిలీ మనిషి. అందుకని మీ బావను ఆర్కెస్ట్రా చూసొచ్చినవ్ అనుడు బంద్ చెయ్. 1987 పాటలకు నీ రాత్రి, 2008 పాటలకు ఆయన రాత్రి. ఒక్కటే టికెట్ కొనుమంటే నేనైతే ముంబైదే కొంట, స్లాష్, డఫ్ ఒక్క స్టేజీ మీద ఉన్నప్పుడు పాటకు వచ్చే బరువు వేరే ఉంటది, దాంట్ల నాకు అనుమానం లేదు. కని మీ బావ టికెట్ చింపి పారెయ్య.

ప్రశ్న: నేను కరీంనగర్ల పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పిస్త. మా అబ్బాయి ఆక్సల్ రోజ్ కొత్త వీడియోలు చూపించిండు, పైస్థాయిల గొంతు మరీ సన్నబడ్డది. మాలో వయసు మీద పడితే శ్రుతి తగ్గించుకుని పాడుతరు, దాంట్ల నామోషీ ఏం లేదు. వీళ్లు ఎందుకు తగ్గించుకోరు?
— ఒక సంగీతం టీచర్, కరీంనగర్

జవాబు: టీచరమ్మా, ఇంత మంచి ప్రశ్న ఈ పేజీకి వచ్చి చాన రోజులైంది. ఆక్సల్ పుట్టింది 1962ల, అరవై దాటిన మనిషి. పాతికేండ్ల వయసుల గొంతు గీరి, అరిచి పెట్టిన పైస్వరాలు ఇప్పుడు నిండు గొంతుతోని అందుతలేవు, సన్నగొంతుకు మారుతున్నడు. ఫ్యాన్సే దానికి మిక్కీ మౌస్ గొంతు అని పేరు పెట్టిన్రు. కింది స్థాయిల పాడినప్పుడు మాత్రం ఇంకా గొంతు నిండుగనే ఉంటది, అది గూడ చెప్పాలె.

శ్రుతి ముచ్చటకొస్తే, మీ కచేరీల శ్రుతి మారిస్తే తంబురకు ఇబ్బంది లేదు, వయొలిన్ ఆయన తీగలు సవరించుకుంటడు, కని మృదంగం ఆయన ఇంకో మృదంగం తెచ్చుకోవాల్సి వస్తది కదా. గిటార్ గూడ గట్లనే మొండికేస్తది. ఈ పాటల రిఫ్‌లు, అంటే మళ్ల మళ్ల వచ్చే గిటార్ ముక్కలు, చాన వరకు లావు తీగ ఖాళీగ మీటితే వచ్చే స్వరం మీద కట్టినయి, వేలు ఎత్తేసి మీటుడు, మళ్ల వేలు పెట్టుడు, ఆ ఆట మీదనే రిఫ్ బతుకుతది. శ్రుతి దించాలంటే తీగ వదులు చెయ్యాలె, వదులైతే తీగ జీరబోతది, లావు తీగలు వేసుకోవాలె, అప్పుడు చెయ్యి బరువు మారుతది, శబ్దం మందమైతది. ఈ బ్యాండ్ మొదటి నుంచే గిటార్లను అర మెట్టు దించి వాయిస్తది, ఇంకా దించితే అది వేరే బ్యాండ్ లెక్క వినిపిస్తదని భయం. అయినా నా మాట మీ మాటే, దించుకోవాలె. శబ్దం కొంచెం మందమైనా పాట నిలబడ్తది, స్వరం అందకుంటే పాట పడిపోతది. దించుకుని పాడుతున్న బ్యాండ్లు మస్తు ఉన్నయి, జనం లేచిపోలే.

గొంతు అసలే పోతే ఏమైతదో గూడ చూసినం. ఏరోస్మిత్ స్టీవెన్ టైలర్‌కు 2023 సెప్టెంబర్ల పాడుతుంటే గొంతుకు దెబ్బ తగిలింది, ఏడాది చూసిన్రు, మానలే, 2024 ఆగస్టుల ఇగ టూర్లు చెయ్యమని బ్యాండే చెప్పింది. వేరే సింగర్‌ను పెట్టి నడిపియ్యలే. జాన్ బాన్ జోవి 2022ల స్వరతంత్రికి ఆపరేషన్ చేయించుకున్నడు. మీ పిల్లలకు గొంతు జాగ్రత్త గురించి చెప్పేటప్పుడు వీళ్లిద్దరి ముచ్చట గూడ చెప్పుండ్రి, వింటరు.

ప్రశ్న: బొగ్గుబాయి పని చేసేటోన్ని. 2009ల దోస్తులతోని బెంగళూరు పోయి ఐరన్ మెయిడెన్ చూసిన, నా జన్మ ధన్యం. ఇప్పుడు ఆ బ్యాండ్ల డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ లేడు కదా, ఇగ మళ్ల వస్తే పోవాల్నా వద్దా?
— ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: పోవాలె అన్నా. నికో 1982 చివర్ల చేరిండు, 2024 డిసెంబర్ 7న బ్రెజిల్ సావో పాలోల ఆఖరిసారి టూర్ల వాయించిండు, నలభై రెండేండ్లు. మధ్యల 2023 జనవరిల పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. డ్రమ్మర్‌కు కుడి పక్క అంటే ఏందో మీకు చెప్పాల్నా, కుడి చెయ్యి, కుడి కాలు, ఆయన రెండు పెడల్లు గూడ వాడడు, ఒక్క పెడల్ మీద ఒక్క పాదంతోని ఆ వేగం తీస్తడు. అసొంటి మనిషి అదే ఏడాది మే నెలల మళ్ల స్టేజీ ఎక్కిండు. కొన్ని వేగం వాయింపులు మునుపటి లెక్క రాలే, వచ్చిన కాడికి వాయించుకుంటనే రెండేండ్లు లాగిండు. బాయిల దెబ్బ తగిలి మళ్ల డ్యూటీ ఎక్కినోళ్లు మీ దగ్గర ఉంటరు, వాళ్లకు అర్థమైతది.

ఆయన జాగల సైమన్ డాసన్ వచ్చిండు, బాస్ వాయించే స్టీవ్ హారిస్ సొంత బ్యాండ్ల వాయించినోడు. 2025 మేల బుడాపెస్ట్‌ల మొదలైన యాభై ఏండ్ల టూర్ల ఆయనే. ఆ టూర్ల మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే పెట్టిన్రు, 1980 నుంచి 1992 దాక. దాంట్ల మొదటి మూడు ఆల్బమ్‌లకు వాయించింది నికో కాదు, క్లైవ్ బర్, 2013ల చనిపోయిండు. అంటే మీరు 2009ల విన్న పాత పాటలల్ల కొన్ని నికో గూడ ఇంకొకరి దగ్గర్నుంచి అందుకున్నయే. అప్పుడు మీకు ఏం తక్కువ అనిపియ్యలే కదా.

ప్రశ్న: డీప్ పర్పుల్ల మొదటి రోజు నుంచి ఉన్నది ఒక్క డ్రమ్మర్ ఇయాన్ పేస్ మాత్రమే. ఒక్క మనిషి మిగిలితే ఆ పేరు పెట్టుకునే హక్కు ఉంటదా సార్?
— ఒక డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: పేస్ ఒక్కడే 1968 నుంచి ఉన్నడు, నిజమే. కని సింగర్ ఇయాన్ గిలన్, బాస్ రోజర్ గ్లోవర్ 1969లనే వచ్చిన్రు, లోకమంత గుర్తుపట్టే పాటలు ఆ ఐదుగురు చేసినయే, కాబట్టి ముగ్గురు ఉన్నట్టే. ఆ ఐదుగురిల బయటికి పోయింది గిటార్ రిచీ బ్లాక్‌మోర్, ఆర్గాన్ జాన్ లార్డ్. బ్లాక్‌మోర్ 1993ల టూర్ మధ్యలనే వెళ్లిపోయిండు, జో సాట్రియాని వచ్చి ఒప్పుకున్న షోలు ఒడగొట్టిండు, తర్వాత స్టీవ్ మోర్స్ వచ్చి 2022 దాక ఉన్నడు, ఇప్పుడు సైమన్ మెక్‌బ్రైడ్. లార్డ్ 2002ల తప్పుకున్నడు, 2012ల చనిపోయిండు, ఆయన జాగల డాన్ ఎయిరీ. లార్డ్ తన హామండ్ ఆర్గాన్‌ను గిటార్లకు వాడే మార్షల్ ఆంప్లిఫయర్ల నుంచి తీసేటోడు, అందుకే అది గుర్రుమంటది, ఇంకో గిటార్ లెక్క ఉంటది. ఎయిరీ ఆ గుర్రు వదిలిపెట్టలే. నేను చూసేది గది. వచ్చిన మనిషి ఆ సీటు పని పట్టుకున్నడా లేదా.

మన దగ్గర చూడు. ఐనవోలు మల్లన్న జాతరల ఒక ఒగ్గుకథ మేళం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న. ప్రధాన కథకుడు పెద్దాయన కాలం చేసినంక కొడుకు నిలబడ్డడు. మొదటి ఏడు జనం ఊరికే చూసుకుంట కూసున్నరు. కొడుకు గొంతు తండ్రిది కాదు, సన్నది. కని డోలు ఆయన పాతాయనే, ఒక పక్క పుల్లతోని, ఒక పక్క అరచేత్తోని, కొడుకు కథల ఎక్కడ తడబడ్డా డోలు రెండు దెబ్బలు ఎక్కువ పడేది, ఆ సందుల పిలగాడు ఊపిరి తీసుకునేది. మల్లన్న పెండ్లి ఘట్టం వచ్చేసరికి ముందల కూసున్న ముసలవ్వ ఒకామె కండ్లు తుడుచుకుంట లేచి పది రూపాయల నోటు ఆ పిలగాని చేతుల పెట్టింది. ఆ తర్వాత ఎవరు తండ్రి పేరు ఎత్తలే. డీప్ పర్పుల్ల పేస్ ఆ డోలు ఆయన.

పేరు ముచ్చటల నాకు బాగ నచ్చింది మాత్రం క్వీన్ చేసిన పని. సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991 నవంబర్ 24న చనిపోయిండు, మన పంచగని బడిల చదువుకున్న పిలగాడే ఆయన. బాస్ జాన్ డీకన్ 1997 తర్వాత ఆ స్టేజీ దిక్కు రాలే. మిగిలిన బ్రయాన్ మే, రోజర్ టేలర్ ఆడమ్ లాంబర్ట్‌తోని తిరుగుతుంటే పోస్టర్ మీద క్వీన్ ప్లస్ ఆడమ్ లాంబర్ట్ అని రాస్తరు. అంతకుముందు పాల్ రాడ్జర్స్ పాడినప్పుడు గూడ అట్లనే రాసిన్రు. ఎవరొస్తున్నరో ముందే చెప్పిన్రు, కొనేటోళ్లు తెలిసి కొంటున్నరు. ఇది అన్ని బ్యాండ్లు చెయ్యాలె. పైసలు పెట్టే మనిషికి టికెట్ కాడనే తెలవాలె, గేటు లోపలికి పోయినంక కాదు.

ప్రశ్న: స్టేజీ మీద సగం రికార్డు వేసి పెదాలు ఆడిస్తరంట కదా, నిజమేనా?
— ఒక పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: అన్నిట్ల కాదమ్మా, రెండు వేర్వేరు సంగతులు కలుస్తున్నయి. డ్రమ్మర్ చెవుల టక్ టక్ మని ఒక లయ వినిపిస్తది, దాన్ని క్లిక్ అంటరు, అది జనానికి వినిపియ్యది, లైట్లు, వీడియోలు పాటతోని కలవాలంటే అది ఉండాలె. దానితోపాటు వయొలిన్ల గుంపు, కోరస్ లాంటివి రికార్డు నుంచి వస్తే నాకు అభ్యంతరం లేదు, నలభై మంది వయొలిన్లను ఊరూరికి తిప్పలేరు. కని ముందున్న సింగర్ గొంతే రికార్డుల నుంచి వస్తే అది మోసం, దానికి ఇంకో పేరు లేదు. ఎట్ల పట్టుకోవాలంటే సింగర్ ఉరుకుతున్నప్పుడు విను, ఊపిరి ఎగపోస్తుంటే మాట తెగాలె. తెగకుండ నున్నగ వస్తుంటే అనుమానించు. ఆక్సల్ గొంతు అంత బదనామ్ అయ్యిందంటేనే ఆయన నిజంగ పాడుతున్నడని అర్థం.

ప్రశ్న: మనుషులు అందరు పోయినంక కంప్యూటర్ బొమ్మలతోని షో చేస్తే మీరు పోతరా?
— మంచిర్యాల

జవాబు: పోను. అబ్బా బ్యాండోళ్లు 2022 నుంచి లండన్ల చేస్తున్నరు, కిస్ బ్యాండ్ గూడ 2023 డిసెంబర్ల న్యూయార్క్‌ల ఆఖరి షో అయిపోంగనే బొమ్మలను చూపించింది. చూసేటోళ్లను ఏమనను. నాకు చేతులు కనపడాలె.

ప్రశ్న: నేను ఇంటర్ సెకండియర్. ఇప్పటిదాక ఒక్క పెద్ద షో గూడ చూడలే. ఎప్‌సెట్ అయినంక ఏ పాత బ్యాండ్ ఇండియాకు వచ్చినా తీస్కపోత అని మా నాన్న ఒప్పుకున్నడు. అమ్మ మాత్రం చెవులు పోతయ్ అంటున్నది. ఏమేం చూసుకోవాలె?
— ఒక విద్యార్థిని, భూపాలపల్లి

జవాబు: బిడ్డా, అమ్మ చెప్పింది వంద శాతం నిజం, ముందు అది. 85 డెసిబెల్స్ శబ్దం ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు అని లెక్క, మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్ల టైము సగమైతది, 100 దగ్గరికి పోతే పదిహేను నిమిషాలే. రాక్ షో స్పీకర్ల ముంగట నూరు దాటుడు మామూలే. ఏసీ డీసీ సింగర్ బ్రయాన్ జాన్సన్ 2016ల వినికిడి పూర్తిగ పోతదని డాక్టర్లు చెప్తే టూర్ మధ్యల ఆగిపోయిండు, మిగిలిన షోలు ఎవరు పాడిన్రో తెలుసా, ఆక్సల్ రోజే, పాదం ఎముక విరిగి కుర్చీల కూసుని పాడిండు. అసలు అభిమానులు గొణిగిన్రు, వచ్చి విన్నంక చానమంది మెత్తబడ్డరు. జాన్సన్ తర్వాత తిరిగొచ్చిండు, అది సంతోషం. నువ్వు మాత్రం సంగీతం వినేటోళ్ల కోసం చేసే ఇయర్‌ప్లగ్‌లు ముందే కొనుక్కో, దూది పెట్టుకుంటే ఆగదు. నీకు ఒక జత, నాన్నకు ఒక జత.

టికెట్ కొనేముందు ఆ టూర్ల ఎవరెవరు వాయిస్తున్నరో పేర్లు చూడు, ముఖ్యంగ డ్రమ్స్, రెండో గిటార్. ఆ ఏడాది ఆ మనుషులే వాయించిన షో రికార్డింగ్ ఒకటి మొత్తం విను, 1990 నాటిది కాదు. అది నచ్చితేనే కొను. స్టేజీకి అతుక్కుని ఉండే జాగ కంటే సౌండ్ మిక్సింగ్ టెంట్ ఉంటది చూడు, మైదానం మధ్యల, దాని ముందల నిలబడు, ఆడ నిలబడ్డ మనిషి చెవికే మొత్తం శబ్దం సరిచేస్తరు. ముంబై అయినా బెంగళూరు అయినా షో ఒడిశేసరికి రాత్రి పది కావొస్తది, బయటికి రావడానికే గంట పడ్తది, కాబట్టి ఆ రాత్రి రైలు పెట్టుకోకుండ్రి, తెల్లారి బండి బుక్ చేసుకుని కాజీపేటల దిగుండ్రి. నీళ్లు తాగుతనే ఉండు. నాన్నకు మొదటి పాటకే స్లాష్‌నో ఇంకొకర్నో వేలు పెట్టి చూపించకు, ముందు ఒక్కసారి డ్రమ్స్ దిక్కు చూడుమను.